మూటగట్టలేని సరుకు

మన కాలేజీ గేటు ఎదురుగా వుండే మెస్సు సంగతి పాత విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. నేను ఎం.కాం. చదివే రోజుల్లో, అంటే 1998, 99 ప్రాంతాల్లో, అక్కడి పప్పుచారు కోసం, కందిపొడి కోసం పక్క కాలేజీలవాళ్ళు కూడా వచ్చేవారు. యజమానిని అందరం "బాబాయ్" అనేవాళ్ళం. అసలు పేరు ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు.

2000లో బాబాయి ధైర్యం చేసి హైదరాబాదు అమీర్‌పేటలో బ్రాంచి పెట్టాడు. కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే కుర్రాళ్ళు వేలమంది అక్కడే మకాం గదా, వ్యాపారానికి లోటేమిటని ఆయన లెక్క. బోర్డు అదే, కందిపొడి అదే, ధర ఇంచుమించు అదే. గల్లాపెట్టె దగ్గర బావమరిదిని కూర్చోబెట్టాడు. ఏడాది తిరక్కుండానే మూసేశాడు.

"ఏం బాబాయ్, ఎందుకు తీసేశావు?" అని అడిగాను.

"అక్కడ అన్నీ వున్నాయిరా. నేను లేను" అన్నాడు.

అంతర్జాతీయ వ్యాపారం అనే పేపరు చెప్పటం మొదలుపెట్టి ఇన్నేళ్ళయింది. సేవారంగం గురించి ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఆ మాటకంటె సూటిగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. అమీర్‌పేట దాకా వెళ్ళలేకపోయిన పప్పుచారు సంగతి ఇలా వుంటే, బ్యాంకులూ హోటళ్ళూ సాఫ్ట్‌వేర్ కంపెనీలూ సముద్రాలు దాటి ఎలా వెళ్ళాయి? ఈ వ్యాసంలో చూడదలచింది అదే.

ముందు మిరపకాయల్ని చూద్దాం. గుంటూరు యార్డులో కొనేవాడు టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి రంగు చూస్తాడు, విరిచి చూస్తాడు, ఘాటు చూస్తాడు. నచ్చితే బేరం. ఆ తరువాత కాయ ఓడెక్కి ఏ దేశం పోయినా పండించిన రైతు వెంట వెళ్ళనక్కర్లేదు. రైతుకీ సరుకుకీ మధ్య బంధం యార్డులోనే తెగిపోయింది. సరుకు అమ్మకానికి లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆరు నెలలు ఆగవచ్చు కూడా.

ఇక క్షవరం చూడండి. మంగలి లేకుండా క్షవరం లేదు, తల లేకుండా అసలే లేదు. ఇద్దరూ ఒకే చోట, ఒకే సమయంలో వుండాలి. ముందుగా చేసి దాచిపెట్టటం కుదరదు. నిన్న రాత్రి ఖాళీగా వుండిపోయిన హోటలు గదిని ఈ రాత్రి రెండుసార్లు అమ్ముకోలేం. నమూనా చూపించి బేరం చెయ్యటమూ సాధ్యం కాదు. కొనేవాడు పని జరగక ముందే నమ్మి డబ్బు ఒప్పుకోవాలి. కనుక సేవను అమ్మటం అంటే మాట అమ్మటమే. ఆ మాట ముఖం ఎరిగిన ఊళ్ళో చెల్లుతుంది. పరాయి దేశంలో ఎవరు నమ్ముతారు?

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు దానితోపాటు సేవల వర్తకానికి ప్రత్యేకంగా ఒక ఒప్పందం అమలులోకి వచ్చింది. గాట్స్ అంటారు. సేవ సరిహద్దు దాటటానికి నాలుగు దారులున్నాయని అందులో రాసుకున్నారు. చూస్తే మన తలుపు ముందరి సంగతులే. సేవ ఒక్కటే తీగమీద వెళ్ళవచ్చు. లేదా కొనేవాడే నడిచి రావచ్చు: గల్ఫ్ నుంచీ ఆఫ్రికా నుంచీ వైద్యానికి హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చే రోగులు ఈ దారివాళ్ళే. దుకాణమే పరదేశం వెళ్ళి తలుపులు తెరవవచ్చు. ఇవేవీ కాకపోతే మనిషే పెట్టె సర్దుకుని వెళ్ళాలి. ఇందులో ఒక తమాషా వుంది. మనలో ఎం.ఎస్. చదవటానికి టెక్సాస్ వెళ్ళే కుర్రాడు తాను విదేశానికి ఎగుమతి అయ్యాననుకుంటాడు. అమెరికా లెక్కల పుస్తకంలో మాత్రం అతను కట్టే ఫీజు వాళ్ళ విద్యాసేవల ఎగుమతి కింద జమ. కొనుగోలుదారుడు మనవాడు!

మూడో దారి, అంటే దుకాణం పట్టుకెళ్ళటం, అన్నిటికన్నా పాతది. ఎక్కువసార్లు అది సాహసంతో మొదలుకాలేదు, పాత ఖాతాదారు వెంటబడి వెళ్ళటంతో మొదలైంది. జనరల్ మోటార్స్ బొంబాయిలో కార్లు బిగించటం మొదలుపెట్టగానే, దాని ప్రకటనలు చూసే జె. వాల్టర్ థాంప్సన్ సంస్థ 1929లో అక్కడ ఆఫీసు తెరిచింది. కొత్త దేశంలో నమ్మేవాడు ఎవడని వెతుక్కునే పని లేదు. నమ్మినవాడు ముందే వెళ్ళి కూర్చున్నాడు. మన బ్యాంకుల కథా అంతే. బ్యాంక్ ఆఫ్ బరోడా 1953లో మొంబాసాలో, కంపాలాలో బ్రాంచీలు తెరిచింది. తూర్పు ఆఫ్రికాలో ఎందుకంటే, గుజరాతీ వర్తకులు అప్పటికే తరాలనుంచీ అక్కడ స్థిరపడి వున్నారు. భాష ఒకటే, లెక్క రాసే తీరు ఒకటే, ఎవరి మాటకు ఎంత విలువో ముందే తెలుసు.

అయితే ఈ దారికి ఒక ఆపద వుంది. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియావాసుల్ని తొంభై రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. ఖాతాదారుల్ని నమ్ముకుని వెళ్ళినవాడికి వాళ్ళ కష్టమూ పంచుకోక తప్పదు. బరోడా బ్యాంకు మాత్రం ఉగాండాలో నిలిచింది. ఇప్పటికీ దాని అనుబంధ బ్యాంకు అక్కడ వుంది, ఉగాండా వాళ్ళతోనే వ్యాపారం చేస్తోంది. వెంట వెళ్ళటం సులువే గాని, ఉండిపోవాలంటే ఆ ఊరివాడు కావాలి.

హోటలు వాళ్ళు దీనికి మరో ఉపాయం కనిపెట్టారు. నన్నడిగితే వాణిజ్య చరిత్రలో తెలివైన ఉపాయాల్లో ఇదొకటి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ప్యూర్టోరికో ప్రభుత్వం పర్యాటకుల కోసం పెద్ద హోటలు కావాలనుకుని అమెరికన్ హోటలు యజమానులకు ఉత్తరాలు రాసింది. కాన్రాడ్ హిల్టన్ జవాబు స్పానిష్ భాషలో రాశాడని చెబుతారు. బేరం అతనికే కుదిరింది. కట్టడం ప్రభుత్వానిది, ఖర్చు ప్రభుత్వానిది. నడిపేది హిల్టన్. నడపగా వచ్చిన లాభంలో మూడింట రెండు వంతులు ప్రభుత్వానికి, ఒక వంతు హిల్టన్‌కు. 1949 డిసెంబరులో శాన్ హువాన్‌లో కరీబ్ హిల్టన్ తెరిచారు. ఆలోచించండి: హిల్టన్ అక్కడికి తీసుకెళ్ళింది సిమెంటూ కాదు, ఇనుమూ కాదు. గది ఎలా సర్దాలో, వంటగది లెక్క ఎలా చూడాలో, అతిథి అడక్కముందే ఏం అందించాలో తెలిసిన తెలివి. ఆ తెలివిని హోటలు గోడలనుంచి విడదీసి విడిగా అమ్మటం నేర్చుకున్నాడు.

ఆ విడదీయటం ఎంత గట్టి కవచమో హవానాలో తేలింది. 1958లో అక్కడ హవానా హిల్టన్ తెరిచారు. ఆ కట్టడం క్యూబా హోటలు కార్మికుల పింఛను నిధి సొమ్ముతో లేచింది. మరుసటి ఏడాది జనవరిలో ఫిడెల్ కాస్ట్రో రాజధానిలో అడుగుపెట్టి కొన్ని నెలలు ఆ హోటల్నే తన కార్యస్థానం చేసుకున్నాడు. 1960లో జాతీయం చేశారు. పేరు హబానా లిబ్రె, అంటే స్వేచ్ఛా హవానా అని మారింది. హిల్టన్‌కు కాంట్రాక్టు పోయింది, పేరు పోయింది. ఇరవై అయిదు అంతస్తుల మేడ మాత్రం అతను పోగొట్టుకోలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ అతనిది కాదు. నష్టం ఎవరిదంటే, క్యూబా హోటలు కార్మికులది.

తెలివిని విడదీసి అమ్మటంలో ఇంకో మెట్టు ఫ్రాంచైజీ. మెక్‌డొనాల్డ్స్ సంగతి అందరికీ తెలిసిందే గనుక ఎక్కువ రాయను. 1996లో మన దేశంలో అడుగుపెట్టినప్పుడు గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ వదిలేసి, శాకాహారం వండే చోటు వేరే చేసి మొదలుపెట్టారు. వండే తీరు కాగితం మీద పెట్టగలిగారు. భాగస్వామి మనసును కాగితం మీద పెట్టలేకపోయారు. ఉత్తర భారత భాగస్వామితో 2013లో మొదలైన తగాదా 2019 దాకా నడిచింది. స్టార్‌బక్స్ ఆస్ట్రేలియాలో 2000లో మొదలుపెట్టి, 2008లో 84 దుకాణాల్లో 61 మూసేసింది. ఇటలీ నుంచీ గ్రీసు నుంచీ వలసవచ్చిన కుటుంబాలు దశాబ్దాలుగా కాఫీ కాచి పోస్తున్న ఊళ్ళకు కాఫీ పట్టుకెళ్ళారు. ఆత్రేయపురానికి పూతరేకులు అమ్మబోయినట్టు!

ఇక మన ఇంటి కథకు వద్దాం.

సాఫ్ట్‌వేర్ అనేది మొదట్లో తీగమీద వెళ్ళే సరుకు కాదు. మనిషి వెళ్ళాల్సిందే. 1968లో టాటాల సంస్థగా టి.సి.ఎస్. మొదలైంది. ఎఫ్.సి. కోహ్లీ ఆధ్వర్యంలో డెబ్బయ్యో దశకంలో బరోస్ అనే అమెరికన్ కంప్యూటర్ కంపెనీ పనులు తెచ్చుకుంది. ఆ రోజుల్లో కంప్యూటరు దిగుమతి చేసుకోవాలంటే విదేశీ మారకం ప్రభుత్వం ఇవ్వాలి. ఇంత ఎగుమతి చేస్తామని మాట ఇవ్వాలి. 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచిపోయింది. యంత్రం ఇక్కడ లేదు, పని అక్కడ వుంది. కనుక ప్రోగ్రామర్‌ను విమానమెక్కించటమే వ్యాపారం. దీనికి పరిశ్రమలో ఒక మోటు పేరు పుట్టింది: బాడీ షాపింగ్. శరీరాల అంగడి. హైదరాబాదులోనూ సిడ్నీలోనూ మన తెలుగు కుర్రాళ్ళ మధ్య తిరిగి, షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు దీనిమీద ఒక పుస్తకమే రాశాడు, 2007లో వచ్చింది. ఏజెంటుకు పైన ఏజెంటు, కట్నం డబ్బుతో వీసా, పని దొరికేదాకా బెంచి – మనవాళ్ళు బంధువుల దగ్గర దాచే సంగతులన్నీ అందులో వున్నాయి.

బెంచి అంటే ఏమిటో నాకు పుస్తకం చదవక ముందే తెలుసు. నా హాస్టలు రూమ్మేటు 2001లో ఒక కన్సల్టెన్సీ ద్వారా న్యూజెర్సీ వెళ్ళాడు. దిగేసరికి డాట్‌కామ్ కంపెనీలు కూలుతున్నాయి. రెండు పడగ్గదుల ఇంట్లో ఎనిమిదిమంది. నాలుగు నెలలు పని లేదు, జీతం లేదు. "ఒరే, ఇక్కడ నేను మనిషిని కాదురా, స్టాకు" అని ఫోనులో అన్నాడు. కొట్లో అమ్ముడుపోని బస్తా అయితే అలాగే పడుంటుంది. ఈ స్టాకు రోజూ తినాలి, అద్దె కట్టాలి, ఇంటికి ఫోన్ చేసి బాగున్నానని చెప్పాలి.

మరి తీగ ఎప్పుడు వచ్చింది? 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరులో కేంద్రం పెట్టి ఉపగ్రహం ద్వారా అమెరికాతో కలుపుకుంది. ఆ సామగ్రిని ఎడ్లబండి మీద చేర్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1991 నుంచి ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పేరుతో చిన్న కంపెనీలకు కూడా ఆ లింకు అందుబాటులోకి తెచ్చింది. 1987లో హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ 1991లో జాన్ డీర్ అనే ట్రాక్టర్ల కంపెనీ పని సంపాదించింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న భయం, ఆ వై.టు.కె. పని, ఇదంతా మీ తలిదండ్రుల్లో చాలామందికి తొలి జీతం ఇచ్చిన చరిత్ర.

తీగ వచ్చినంత మాత్రాన మనిషి అక్కర్లేకుండా పోలేదు. విద్యార్థులు సరిగ్గా పట్టించుకోని కిటుకు ఇక్కడే వుంది. ఏ పనినైనా రెండుగా చీలుస్తారు. కొనేవాడి పక్కన కూర్చుంటే తప్ప జరగని ముక్క ఒకటి: అతనికేం కావాలో వినటం, అతను చెప్పకుండా వదిలేసింది కూడా పట్టుకోవటం. దీన్ని ఆన్‌సైట్ అన్నారు. ఆ తరువాత కోడు రాయటం, పరీక్షించటం, తప్పులు దిద్దటం – ఇవి ఎక్కడైనా జరుగుతాయి, ఇది ఆఫ్‌షోర్. అక్కడ కొద్దిమంది, ఇక్కడ చాలామంది. అక్కడి మనిషికి గంటకు ఎక్కువ రేటు వస్తుంది గాని జీతమూ అమెరికా జీతమే. ఇక్కడి మనిషికి రేటు తక్కువైనా మిగిలేది ఎక్కువ. కనుక ఎంత పనిని ఆ ముక్కలోంచి ఈ ముక్కలోకి జరపగలిగితే కంపెనీకి అంత లాభం. న్యూయార్కుకీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. వాళ్ళు సాయంత్రం అప్పగించి ఇంటికి పోతే, తెల్లారేసరికి పని తయారు.

బాబాయి మాటతో పోల్చి చూడండి. "నేను లేను" అన్నాడాయన. ఈ కంపెనీలు ఆ "నేను"ని ముక్కలు చేశాయి. ఇందులో ఎంత భాగం నిజంగా అక్కడ వుండాలి, ఎంత భాగం కాగితం మీద రాసి ఇంకొకడికి ఇవ్వవచ్చు అని లెక్కగట్టాయి. హిల్టన్ చేసిందీ అదే. పప్పుచారు కొలతలు బావమరిదికి రాసి ఇవ్వవచ్చు. ఆకలితో వచ్చిన పిల్లవాడు నెలాఖరున డబ్బు లేక తటపటాయిస్తుంటే "తిను, తర్వాత చూద్దాం" అనటం రాసి ఇవ్వగలమా? అమీర్‌పేటలో లోపించింది అదేనని నా అనుమానం.

తొంభైల చివర కాల్‌సెంటర్లు వచ్చినప్పుడు ఈ ముక్కలు చెయ్యటం గొంతు దాకా వెళ్ళింది. వెంకటేశ్వర్లు రాత్రి పదింటికి కంపెనీ వ్యానెక్కి విక్టర్ అయ్యేవాడు. యాస నేర్పారు, అక్కడి వాతావరణం నేర్పారు. సేవ వెళ్ళాలంటే ఊరి పేరు కూడా ఇంటి దగ్గరే విడిచి రావాలన్నమాట. ఆ జీతాలతో చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు జరిగాయి, కాదనను. ఆ రాత్రి వ్యాన్లు దిగిన మొహాలు కూడా నేను చూశాను.

నమ్మకం సంగతి మరిచిపోకూడదు. మాటను అమ్మే వ్యాపారానికి మాట పోతే ఇంకేమీ మిగలదు. ఎన్రాన్ లెక్కలు తనిఖీ చేసిన ఆర్థర్ ఆండర్సన్‌లో ప్రపంచమంతా కలిపి 85 వేలమంది పనిచేసేవారు. హ్యూస్టన్ ఆఫీసులో కాగితాలు చింపారన్న కేసులో 2002లో దోషి అని తీర్పు వచ్చింది. ఎక్కడో ఆసియాలోనో ఐరోపాలోనో వున్న ఆఫీసులకు ఆ కాగితాలతో ఏమీ సంబంధం లేదు. అయినా నెలల్లో చెల్లాచెదురై పోయాయి. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అప్పటికి తిరిగి తెరవటానికి కంపెనీ లేదు. మన హైదరాబాదులో 2009 జనవరి 7న సత్యం అధిపతి లెక్కలు తప్పుడువని తానే ఉత్తరం రాసిన రోజు గుర్తున్నవాళ్ళు ఈ పేజీలు చదివేవాళ్ళలో చాలామందే వుంటారు. దాదాపు 50 వేలమంది ఉద్యోగులు. వాళ్ళు రాసిన కోడులో తప్పు లేదు. ప్రభుత్వం కొత్త డైరెక్టర్లను నియమించి, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రాకు అప్పగించటం వల్ల అది ఆండర్సన్ దారిన పోలేదు. మిరపకాయల వ్యాపారి దివాలా తీసినా బస్తాల్లో కాయ కాయలాగే వుంటుంది. ఇక్కడ బస్తా లేదు.

చివరికి మళ్ళీ మనిషి దగ్గరికే వస్తాం. నాలుగు దారుల్లోనూ ప్రభుత్వాలు అన్నిటికంటె ఇరుకు చేసింది మనిషి వెళ్ళే దారినే. డబ్బు రావచ్చు, దుకాణం రావచ్చు. మనిషికి మాత్రం లెక్క. అమెరికా 1990 చట్టంతో హెచ్-1బి వీసా పెట్టింది. చాలాకాలంగా కంపెనీల కోసం ఏటా 65 వేలు, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకు మరో 20 వేలు అని హద్దు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుడు ట్రంప్ ప్రకటన జారీ చేశాడు. ఆ వారం నా క్లాసులో పాఠం సాగలేదు. ఒకమ్మాయి లేచి, "సార్, పుస్తకంలో దీన్ని నాలుగో దారి అని రాశారు. మా ఇంట్లో అప్పు పత్రం అని రాసుంది" అంది. జవాబు చెప్పలేకపోయాను.

అదే సమయంలో ఎదురు ప్రవాహం కూడా బలంగానే వుంది. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం పెట్టింది. అమెజాన్ 2019లో పెద్ద క్యాంపస్ కట్టుకుంది. బ్యాంకులు, బీమా కంపెనీలు, మందుల కంపెనీలు మధ్యలో కాంట్రాక్టు కంపెనీ ఎందుకని తమ సొంత ఆఫీసులే ఇక్కడ తెరుస్తున్నాయి. కొనేవాడే వచ్చి మన పక్కింట్లో దిగాడన్నమాట. మన కంపెనీలకు ఇది పోటీ. మన పిల్లలకు ఉద్యోగం. జీతం ఇక్కడ, నిర్ణయం మాత్రం ఇంకా అక్కడే ఎక్కువ అని వాటిలో పనిచేసే మన పాత విద్యార్థులు చెబుతారు.

బాబాయికి ఇప్పుడు డెబ్బయి దాటాయి. మెస్సు కొడుకు చూసుకుంటున్నాడు. డల్లాస్‌లో స్థిరపడిన మన పాత విద్యార్థులు కొందరు అక్కడ మెస్సు పెడదాం, వంటమనిషిని పంపమని అడిగారట. వీసా సంగతి తెలిశాక ఆ మాట ఆగిపోయింది. కందిపొడి మాత్రం వెళుతోంది. ఏటా జూలై, ఆగస్టుల్లో ప్రయాణమయ్యే పిల్లలు వెళ్ళొస్తామని చెప్పటానికి వస్తారు. బాబాయి గల్లాపెట్టె కిందనుంచి అరకిలో ప్యాకెట్టు తీసి చేతిలో పెడతాడు. డబ్బు తీసుకోడు. మొన్న నేనున్నప్పుడు ఒక కుర్రాడికి అలాగే ఇచ్చి, "సూట్‌కేసులో అడుగున పెట్టు, నూనె లేదు, కారదు" అని చెబుతున్నాడు. తరువాత కొంచెం ఆగి అడిగాడు: "నీతో పాటు ఇంకెంతమంది పోతున్నార్రా ఈసారి?"